సర్వంసహ: ఒక ఫొటోగ్రాఫరు పద్యమునకు టీకాతాత్పర్యములు

మూలము:

ముట్టవలదు దీని ముచ్చటౌ యంత్రము
నీట మునిగి లేచె నిప్పు దాటె
బస్సుకప్పు నుండి పడియునుఁ జావదు
ఫొటొలు వచ్చు నెపుడొ పొమ్ము నీవు

అవతారిక. ఈ పద్యమునకు కర్త యెవడని యడుగువారికి మా సమాధాన మిది: ఛందస్సు మాది, వాక్కు లోకమందలి ఫొటోగ్రాఫరు లందఱిది. పెండ్లిపందిళ్ళలోను, స్టూడియోల గల్లాపెట్టెల వెనుకను, రైలులో కెమెరాసంచిని ఒడిలో నిడుకొని యెదుటివాని మోకాలు దానికి దగులునేమో యని గ్రుడ్లురుము పెద్దమనుష్యుల నోటను మేము వేర్వేఱు తావుల వినిన నాలుగు మాటలను ఆటవెలదిలో నిమిడ్చితిమే గాని, యం దొక్క భావమైనను మేము కల్పించినది కాదు. పద్య మింత తేటగా నుండగా వ్యాఖ్య యేల యందురేని, తేటగా నున్నచోట పుటలకొలది వ్రాయుటయు, చిక్కైనచోట 'స్పష్టము' అని దాటిపోవుటయు టీకాకారులకు వంశపారంపర్యముగ వచ్చిన హక్కు. దీనికి 'సర్వంసహ' యని పేరిడితిమి. అన్నిటిని ఓర్చుకొనునది సర్వంసహ. ఆ పేరు కెమెరాకు జెల్లునో, కెమెరా ముందు నిలువబడినవారికి జెల్లునో ముందుముందు తేలగలదు.

«ముట్టవలదు దీని» — పదములు సుగమములు. నిషేధ మెవరినిగూర్చి యనునది మాత్రము విచారింపదగినది. ఇది సర్వులకును వర్తించునని కొందఱి మతము. అట్లైనచో ఫొటోగ్రాఫరు తానును ముట్టరాదు; ముట్టనిచో ఫొటో తీయుట పొసగదు; పొసగనిచో ముందు పుచ్చుకొనిన అడ్వాన్సు తిరిగి యీయవలసివచ్చును; అట్టి యాచారము లోకమున గానరాదు. కావున యజమాని తక్క తక్కినవారికే యీ నిషేధమని సిద్ధాంతము. ఇందు న్యాయము లేకపోలేదు. లెన్సు ముఖమున వెండ్రుకకంటె నెన్నోరెట్లు పలుచనైన పూత యుండును. వ్రేలి జిడ్డు దానిపై బడినచో బొమ్మ మసకబాఱును, చిరకాలము నిలిచినచో పూతయే చెడును. అందుచేత తెలిసినవాడు మొదట రబ్బరుతిత్తితో గాలి యూది యిసుకరేణువులను వెడలగొట్టి, పిమ్మట మెత్తని గుడ్డతో నడుమనుండి యంచునకు సుడులు సుడులుగా దుడుచును. మా యెఱుకలోని ప్రవీణు డొకడు, వైశాఖమాసపు మధ్యాహ్నమున, తలంబ్రాలు జరుగుచుండగా, పెండ్లికొడుకు మేనల్లుడు నాలుగేండ్లవాడు వ్రేలు చాచినందుకు పందిరి యదరునట్లు గద్దించి, మఱునిమిషముననే జేబురుమాలతో తన మెడచెమట తుడిచికొని, లెన్సుపై 'హా' యని యూది, ఆ రుమాలు రెండవకొసతోనే దానిని దుడిచెను. పసిబిడ్డ వ్రేలు మైల యట, ఆ రుమాలు మడి యట!

అంతకంటె విచిత్ర మొకటి కలదు. తన యంత్రమును ముట్టవలదను నీ మహానుభావుడు మనలను ముట్టని క్షణ ముండదు. గడ్డము పట్టి యెత్తును. భుజము పట్టి లాగును. తొంబదియేండ్ల తాతగారి తలను, ట్రైపాడుపై మర సడలించి కెమెరాను ద్రిప్పినట్లు, రెండుచేతుల బట్టి వెలుగువైపు ద్రిప్పును. కెమెరాసంచిని మోయు కుఱ్ఱవానితో "మెల్లగా రా, మెల్లగా!" అనిన నోటితోనే, పీట మీదనుండి లేవలేక లేచుచున్న మామ్మగారితో "తొందరగా అమ్మా, టైము లేదు!" అనును.

«ముచ్చటౌ యంత్రము» — ముచ్చటపడువారు ద్వివిధులు: దాచువారు, పడవేయువారు. ఈ పద్యమునందలి నాయకుడు రెండవ తెగవాడైనను, 'ముచ్చట' యను శబ్దముచే మొదటి తెగవానిని గూడ కవి స్మరించినాడని మా యభిప్రాయము. ఇతడు వృత్తిచే ఫొటోగ్రాఫరు కాడు. బ్యాంకులోనో కాలేజీలోనో యుద్యోగము చేయుచు, బంధువులు విదేశమునుండి తెచ్చి యిచ్చిన కెమెరాను పసుపుకుంకుమలతో బూజించి, తోలుసంచిలో బెట్టి, ఆ సంచిని అట్టపెట్టెలో బెట్టి, ఆ పెట్టెను బీరువాలో పట్టుచీరల క్రింద కలరాయుండల నడుమ దాచి, తాళముచెవి భార్యకైనను జెప్పక తిరుగు ధన్యుడు. వానపడునేమో యని వర్షకాలమున దీయడు. దుమ్ము చేరునేమో యని వేసవిలో దీయడు. చలికాలమున దీయుటకు కారణము దోపక దీయడు. ఇట్లు కాలత్రయాబాధితముగ రక్షింపబడిన యంత్రమునకు గలుగు గతి యేమనగా, బూజు.

ఈ బూజునుగూర్చి కొంత చెప్పక తీఱదు. గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు దాటి చాలనాళ్ళు నిలిచియుండుట, చీకటి, గాలి యాడకుండుట, ఈ మూడును గూడినచో లెన్సులోపలి యద్దములపై శిలీంధ్రము మొలచును. అద్దముల నడుమ జేరిన దుమ్మును జిడ్డును దిని పెరుగును. పెరుగుచు స్రవించు ఆమ్లముచే పూతను దినివేయును. కనుక విప్పి తుడిచినను దాని యడుగుజాడలు పోవు. బందరు కాకినాడల వంటి సముద్రతీరపు పట్టణములలో ఆషాఢమునుండి కార్తికమువఱకు దీనికి పుష్కలముగ నాహారము. లెన్సు వెనుక నుండి టార్చిలైటు వేసి యడ్డముగ జూచినచో, అంచునుండి నడుమకు ప్రాకుచున్న తెల్లని సన్నని పోగులు, వేళ్ళకు వేళ్ళు పుట్టుచు, చలిమంచుపై గీసిన ముగ్గువలె నుండును, చూడ ముచ్చటయే. ఆ తోలుసంచి తేమను బీల్చి పట్టియుంచును. దానిలో నెన్నడో వేసిన సిలికాజెల్ పొట్లము నీలిరంగు పోయి గులాబిరంగు దాల్చి, తాను ద్రాగగలిగినంత త్రాగితినని చెప్పుచున్నను వినువాడు లేడు. ఇంతకు విశేష మేమనగా, నిత్యము వాడబడి, ఎండకు గాలికి దిరిగి, బస్సుకప్పులనుండి జాఱిపడు కెమెరాకు బూజు అరుదుగా బట్టును. దాచినవాని లెన్సు కుళ్ళును, పడవేసినవాని లెన్సు బ్రతుకును. ధర్మసూక్ష్మము దురవగాహము.

«నీట మునిగి లేచె» — గోదావరి పుష్కరములలో కోటిలింగాల రేవున మెట్లపై కాలుజాఱి, కెమెరాతో గూడ మునిగి, తాను దగ్గుచు లేచి, కెమెరాను బియ్యపుడబ్బాలో బాతిపెట్టి వారము దినములకు దీసి, "పనిచేసిందండీ!" అని నేటికిని జెప్పుకొను వారలను స్మరించి కవి యిట్లు నుడివెను. నది మంచినీరు గనుక కొంత దయ చూపును. సముద్రపు నీ రట్లు కాదు, ఉప్పు లోహమును దినక విడువదు. బియ్యమునకు తేమను లాగు శక్తి స్వల్పము, గంజిపొడిని అతుకులలో జొనుపు శక్తి మిక్కుటము. వెంటనే బ్యాటరీ యూడదీసి తడి యార్చుటయే మేలు. కాని యిదంతయు సామాన్యము. నీట మునిగి లేచుట యనగా నెట్టిదో తెలియవలెనన్నచో ఫ్రాంకు హర్లీ చరిత్ర వినవలెను.

హర్లీ ఆస్ట్రేలియావాడు. షాకిల్టను నాయకత్వమున దక్షిణధ్రువయాత్రకు బయలుదేఱిన 'ఎండ్యూరెన్సు' నౌకలో ఛాయాగ్రాహకుడు. ఆ నౌక వెడ్డెల్ సముద్రపు మంచులో జిక్కుకొని, నెలల తరబడి మంచుగడ్డల యొత్తిడికి మూల్గి మూల్గి, 1915 అక్టోబరు చివర నడుము విఱిగెను. జనులెల్ల మంచుపై గుడారములు వేసికొనిరి. అప్పటికి హర్లీ తీసిన బొమ్మలు చాలవఱకు గాజుపలకలు. రేకుపెట్టెలలో నుంచి యతుకువేయబడి, సగము మునిగిన నౌక కడుపులో నుండెను. అతడు చొక్కా విప్పి, మంచుముక్కలు దేలుచున్న యా నీటిలో దిగి, ఆ పెట్టెలను దడవి తడవి పైకి దీసెను. ఇంతవఱకు సాహసము. ఇకమీద జరిగినది సాహసముకంటె గొప్పది. పడవలలో మోయగల బరువు స్వల్పము. కావున షాకిల్టను హర్లీలు మంచుపై గూర్చుండి ఒక్కొక్క పలకను ఆకాశమున కెత్తి చూచి, సుమారు 120 మాత్రము నిలుపుకొని, తక్కిన 400 పలకలను అక్కడికక్కడనే పగులగొట్టిరి. ఎందుకు పగులగొట్టవలె? మనసు మాఱి మరల వచ్చి తీసికొనకుండుటకు! తన చేతిబిడ్డలను తాను ఏఱి పగులగొట్టుకొను కళాకారుని మొగ మెట్లుండునో యూహింప మాకు శక్తి చాలదు. పెద్ద కెమెరాలను, అవి యెంత ప్రియమైనవైనను, మంచుమీద విడిచివైచెను. జేబులో బట్టు చిన్న కొడాక్కును, మూడు ఫిల్ముచుట్టలను మాత్ర ముంచుకొని, కప్పులేని పడవలలో ఎలిఫెంటు దీవి జేరి, అచట మాసముల తరబడి తలక్రిందులైన పడవక్రింద నివసించి, 1916 ఆగస్టు 30వ తేదీన రక్షింపబడెను. పలకలును అతనితోడనే యొడ్డు జేరెను. నేడు మనము జూచు ఎండ్యూరెన్సు ఓడబొమ్మ, నడిరాత్రి మెఱుపుపొడి మంటల కాంతిలో ఎముకల గూడువలె తెల్లగా నిలిచిన యా బొమ్మ, అట్లు దక్కిన పలకలలోనిది.

దీనికి జేరువ కథ యింకొకటి. 1897 జూలైలో స్వీడను దేశీయుడు ఆండ్రే ఇరువురు సహచరులతో గాలిబుడగ నెక్కి యుత్తరధ్రువమునకు బయలుదేఱెను. మూడవనాటికే బుడగ మంచుపై బడెను. మువ్వురును మంచుపై నెలల తరబడి నడచి, తెల్లదీవి యను చోట మరణించిరి. వారిలో స్ట్రిండ్‌బర్గు ఫొటోగ్రాఫరు. 33 ఏండ్ల తరువాత, 1930లో, వారి యస్థికలతో గూడ ఫిల్మును దొరకెను. స్టాక్‌హోమున హెర్ట్స్‌బర్గు అను నిపుణుడు మంచులో నానిన ఆ ఫిల్మును అతిజాగరూకతతో గడిగి 93 బొమ్మలను బైటికి దెచ్చెను. వానిలో నొకటి, మంచుపై ప్రక్కకు వాలిన బుడగను, దానిని జూచుచు నిలుచున్న యిద్దఱిని జూపును. తీసినవాడు బొమ్మను జూడలేదు. చూచినవారు తీసినవానిని జూడలేదు.

లేవనివియు గలవు. 1924 జూనులో ఎవరెస్టు శిఖరమువైపు నడచుచు మేఘములలో మఱుగైన మాలొరీ వద్ద నున్న కొడాక్కు కెమెరా సహచరుడు సోమర్వెల్ అరువిచ్చినది. ఈ సోమర్వెల్ డాక్టరు. పిమ్మట తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో మన దక్షిణదేశపు బీదసాదలకు శస్త్రచికిత్సలు చేయుచు చాల యేండ్లు గడపెను. 1999లో మాలొరీ కళేబరము దొరకెను గాని కెమెరా దొరకలేదు. మాలొరీయు, అతనితో నడచిన తోడివాడును శిఖర మెక్కిరా లేదా యను ప్రశ్నకు సాక్షి యైన యా చిన్న యంత్రము నేటికిని కంటబడలేదు.

మనము పద్యములో నేపాదమున నున్నాము? రెండవపాదము. మెదకుసీమ కొల్చారమున బుట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలములో లేనిది వ్రాయననియు, అవసరము కానిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. అంతటివాడు గనుక ఆయనకు జెల్లినది, మాకు జెల్లలేదు. ఐనను పై ప్రసంగ మంతయు నిష్ప్రయోజనము గాదు. హర్లీ కెమెరాలను విడిచి బొమ్మలను దెచ్చెను. మన పద్యనాయకుడు బొమ్మలను విడిచి కెమెరాను దెచ్చును. ఈ యొక్క భేదమును జెప్పుటకే మేము దక్షిణధ్రువము దాక పోయివచ్చితిమి.

«నిప్పు దాటె» — నిప్పనగా హోమాగ్ని యని సామాన్యార్థము. సప్తపదివేళ పెండ్లికొడుకుకంటె అగ్నికి సమీపమున మోకాళ్ళపై గూర్చుండి, పొగలో కన్నీరు గార్చుచు, పురోహితునితో "పంతులుగారూ, నెయ్యి మళ్ళీ ఒకసారి పొయ్యండి, మంట రాలేదు" అని యాజ్ఞాపించువాని యంత్రమే యీ పాదమునకు లక్ష్యము. మంత్రము మరల జదువనక్కఱలేదట, నెయ్యి మాత్రము మరల బోయవలెనట! ముహూర్తము ఘడియవిఘడియలు లెక్కించి పెట్టిన సిద్ధాంతిగారి కష్టము, "జీలకర్రబెల్లం ఇంకోసారి పెట్టండి సార్, క్లియర్‌గా పడలేదు" అను నొక్కమాటతో గోదావరిపాలగును. అప్పుడు మఱల బెట్టినదే పెండ్లియో, మొదట బెట్టినదే పెండ్లియో మాకు నేటికిని సందేహము. ఈ సమయమున పందిటిలోని వారందఱును చూచున దేమనగా, వధూవరుల మొగములు గాదు. ముందు నిలిచిన ఫొటోగ్రాఫరు వీపు, వీడియోవాని వీపు, దీపము పట్టుకొన్నవాని వీపు. నూఱుమైళ్ళు ప్రయాణము చేసివచ్చిన పెద్దమ్మలు వీపుత్రయమును దర్శించి, అక్షతలు ఆ వీపులపైననే చల్లి, భోజనమునకు బోవుచున్నారు. ఇది పరిహాసము గాదు.

నిప్పునకు 'సూర్యుడు' అను నర్థము గూడ గలదు. 1969 నవంబరులో అపోలో 12 యాత్రికుడు ఆలన్ బీన్, చంద్రునిపై రంగుల టెలివిజను కెమెరాను ఒకచోటినుండి మఱియొక చోటికి మార్చుచు, పొరపాటున సూర్యునకు అభిముఖము గావించెను. తత్‌క్షణమే దాని కన్ను మాడెను. పిమ్మట నతడు దానిని సుత్తితో దట్టి చూచెను గాని లాభము లేకపోయెను. సూర్యుని సమీపించి ఱెక్కలు గాల్చుకొనిన సంపాతి యైనను వానరులతో మాట్లాడినపుడు మరల ఱెక్కలు దెచ్చుకొనెను. ఈ కెమెరాకు ఆ భాగ్యము లేదు. ఆ బీనును, అతనితో చంద్రునిపై దిగిన తోడివాడును, తామిద్దఱును ఒక్కబొమ్మలో బడవలెనని స్వయంచాలకమగు మీట నొకదానిని రహస్యముగ దీసికొనిపోయి, పనిముట్ల సంచిలో రాళ్ళనడుమ నది కనబడక, వెదకి వెదకి విసిగి, పని ముగిసినపిదప గనుగొనిరట. చంద్రునిపై నడచిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలలో చాలవఱకు నేటికి నక్కడనే యున్నవి. రాళ్ళకు చోటు కావలెనని, ఫిల్ముపెట్టెలను మాత్రము విప్పి తెచ్చి, కెమెరాలను విడిచివచ్చిరి. హర్లీ ధర్మమే! ఇక తుపాకినిప్పు దాటినదియు గలదు. కంబోడియా యుద్ధములో ఛాయాగ్రాహకుడగు డాన్ మెకలిన్ చేతిలోని నైకాన్ ఎఫ్ కెమెరా ఏ.కె. 47 గుండు నొకదానిని తాను దిని, అతనిని గాపాడెను. ఆ చిల్లుపడిన కెమెరాను జూపి గర్వించుటకు మెకలిన్‌కు హక్కు గలదు. ఏలయన, బొమ్మలను గూడ జూపెను.

«బస్సుకప్పు నుండి పడియునుఁ జావదు» — ఇచట రసికులు గమనింపవలసిన ధ్వని యున్నది. నీట ముంచుట, నిప్పున వేయుట, ఎత్తునుండి త్రోయుట, ఈ మూడింటిని వరుసగా జదివిన తెలుగువానికి స్ఫురింపవలసిన దెవడు? ప్రహ్లాదుడు. భాగవత సప్తమస్కంధమున హిరణ్యకశిపుడు కుమారుని సముద్రమున ముంచించెను, మంటలలో ద్రోయించెను, కొండచఱియలనుండి పడద్రోయించెను, బాలుడు చెక్కుచెదరలేదు. కావున కెమెరా ప్రహ్లాదుడు. బాగున్నది. మఱి హిరణ్యకశిపు డెవడు? బస్సుకప్పుపై త్రాడు వదులుగా గట్టినవా డెవడు? తడిమెట్లపై పట్టీ మెడలో వేసికొనక నడచినవా డెవడు? యజమానియే. అసురరాజు తన చేష్టలను జూచి 'వీడు చావడేమి' యని చింతాక్రాంతుడయ్యెను గాని, 'నా కొడుకును నేనెన్నిమాఱులు పడద్రోసితినో చూడుడు' అని సభలో కొనియాడుకొనలేదు. బాధించినవాడును, బాధలను వర్ణించి మీసము దువ్వువాడును ఒక్కడే యగుట హిరణ్యకశిపునకు గూడ దట్టని చమత్కారము.

కెమెరా పడిన నేమి యను నిర్లక్ష్యము లోహపు శరీరములతో వచ్చినది. ఆఱవ నిజాము మహబూబలీఖాను ఆస్థానమున 'ముసవ్వర్ జంగ్' బిరుదము వహించిన రాజా దీనదయాళుని కాలమున బొమ్మ యనగా గాజు. ఒక్క పలక పడిన, ఒక్క దొర మొగము పోవును. సికిందరాబాదు స్టూడియోలోను, దర్బారులలోను, వేటగుడారములలోను గాజును మోసి, గాజుపై దీసి, గాజును దాచిన యా మహానుభావుని పలకలు 2,800కు పైబడి నేటికిని ఢిల్లీలో భద్రముగ నున్నవి. ఆయన కెమెరా యెన్నిమాఱులు పడెనో యెవరికిని దెలియదు, ఎవరును అడుగలేదు.

అలంకారము. ఇది అతిశయోక్తి యని కొందఱు. ఫొటోగ్రాఫరుల మాటలను మేము విన్నంతలో నిది స్వభావోక్తి. కాని ప్రధానాలంకారము విశేషోక్తి. కారణములు పుష్కలముగ నుండియు కార్యము పుట్టకుండుట విశేషోక్తి గదా. పడుట గలదు, పగులుట లేదు: ఇది మొదటి మూడు పాదములందలి విశేషోక్తి. పెండ్లి గలదు, కెమెరా గలదు, వేయిమాఱులు మీట నొక్కుట గలదు, సొమ్ము చెల్లించుట గలదు, ఫొటోలు లేవు: ఇది నాల్గవపాదమందలి విశేషోక్తి. ఒక్క యలంకారమే పద్యమును రెండువైపుల గాపాడుటచే దీనిని మాలావిశేషోక్తి యనవచ్చునేమో ఆలంకారికులు విచారింతురుగాక. అసంగతియు గలదు, దెబ్బ తగిలినది యంత్రమునకు, నష్టము కలిగినది మాకు.

«ఫొటొలు వచ్చు నెపుడొ» — ఇచట పాఠాంతరములు గలవు. కొన్ని ప్రతులలో 'ఫొటొలు వచ్చె నిపుడె' యని యున్నది. అనుభవవిరుద్ధము గనుక నది ప్రక్షిప్తము. మఱికొన్నిట 'ఫొటొలు రావు నీకు' అని కలదు. అర్థము సత్యమే యైనను, ఏ ఫొటోగ్రాఫరును అంత నిజము పలికియుండడు గనుక నదియు ద్యాజ్యము. 'ఎపుడొ' యనుటయందలి ఒకారమే పద్యమునకు ప్రాణము. ఆ యొకారమున నెన్ని మాసము లిమిడియున్నవో మా యన్నగారి యింట నడిగిన జెప్పుదురు. అన్నగారి యమ్మాయి పెండ్లి వైశాఖమున జరిగెను. ఆ పిల్ల కాపురమునకు బోయి, సీమంతమునకు వచ్చినను, ఆల్బము రాలేదు. అన్నగారు మోకాళ్ళనొప్పిచే కదలలేక మమ్ము బంపిరి. స్టూడియోలో మాకు జరిగిన సత్కార మిది.

"రండి బాబాయిగారూ, రండి. ఒరేయ్, బాబాయిగారికి టీ చెప్పు."

"టీ సరే. ఆల్బం సంగతేమిటయ్యా?"

"ఆల్బం దేముంది బాబాయిగారూ, అదే వస్తుంది. ముందు మీరీ సొట్ట చూడండి."

చూచితిమి. లెన్సు అంచున, బొటనవ్రేలు పట్టునంత మేర లోహము లోనికి నొక్కుకొనిపోయి, దానికి బిగించిన ఫిల్టరు చుట్టు మర కఱచుకొని, త్రిప్పిన రాదు. ఫిల్టరుగాజు పగిలినంతమేర యూడబెఱికిన గుఱుతులు, అంచున ఇంక నొక గాజుమొన. సూర్యాపేట దాటినపిదప బస్సుకప్పునుండి సంచి జాఱి, తారురోడ్డున దొర్లిన కథ యంతయు మొదలుకొని వినిపించెను. బస్సును ఎట్లాపించెనో, వెనుక లారీ యెట్లు ప్రక్కకు దప్పించెనో, తాను గుండె చేతబట్టుకొని సంచి యెట్లు విప్పెనో, తెరపై బొమ్మ యెట్లు వెలిగెనో. చెప్పుచుండగా నతని కన్నులు నిజముగనే చెమర్చినవి. టీ చల్లాఱినది.

"ఇంకొకటైతే అక్కడికక్కడే పోయేది బాబాయిగారూ. దీని ప్రాణం గట్టిది."

"మంచిదే. మా పిల్ల పెళ్ళిఫొటోలు?"

"అదే… కార్డు కొంచెం కరప్టయింది. హైదరాబాదు పంపించాను, రికవరీకి."

ఆండ్రే ఫిల్ము మంచులో 33 ఏండ్లు నానియు 93 బొమ్మల నిచ్చెనని యతనికి జెప్పవలెనని నాలుక చివఱకు వచ్చినది. చెప్పినచో 'చూశారా, అందుకే కంగారు పడొద్దంటున్నా' అనునని తోచి మానితిమి. ఒక్క కార్డు మీదనే యంతయు నుంచక, పెండ్లినాటి రాత్రియే రెండుచోట్ల నకలు దీసి యుంచుట కేవలము గంటపని. బస్సుకప్పునుండి పడిన సంచి కథ చెప్పుటకు బట్టిన కాలమంతయు బట్టదు. రెండు కార్డులపై నొకేమాఱు వ్రాయు కెమెరాలు గలవు. ఆ సొట్ట పడిన కెమెరాకే రెండవకార్డు గది యున్నది, ఖాళీగా. దాని మూత తెఱచి మాకు జూపినవాడును అతడే; సూర్యాపేట దుమ్ము లోపలికి బోలేదని నిరూపించుటకు.

«పొమ్ము నీవు» — 'నీవు' అనగా, అడ్వాన్సు ఇచ్చినవాడు. ఏకవచనము కవిస్వాతంత్ర్యము, నిజమునకు మమ్ము 'మీరు' అనియే గౌరవించి, తలుపుదాక వచ్చి సాగనంపెను. 'పొమ్ము' అనునది లోకమున 'సోమవారం రండి' యను రూపమున వినబడును. ఏ సోమవారమో మూలమున లేదు. కనుక దానికి టీక వ్రాయుట మా వశము గాదు.